తీరిక పనులు: ఆటపెట్టెకు బ్యాటరీ కట్టడం

పోయిన నెల యీ శీర్షికలో పాత కుట్టుమిషనుకు మోటారు బిగించే సంగతి వ్రాసినాము. ఆ సంచిక అందిన వారం తిరగకుండానే బరంపురం నుంచి ఒక సోదరి జాబు వచ్చినది. ఆమె ప్రశ్న కుట్టుమిషనును గురించి కాదు. తొమ్మిదవ తరగతి చదివే ఆమె కుమారుడు చేతిలో పట్టుకొని ఆడుకునే ఆటపెట్టె ఒకటి యింట్లోనే తయారుచేస్తున్నాడట. తెర, మీటలు, చిన్న కంప్యూటరు పలక అన్నీ అమిరినవట. బ్యాటరీ దగ్గర పని ఆగినది. "గొట్టాల వంటి సెల్లులు రెండు తెచ్చి తీగెలు చుడుతున్నాడు. అవి పేలుతాయంటారు గదా! వద్దనమంటారా, కానిమ్మనమంటారా?" అని ఆమె అడిగినారు.

సమాధానం చెప్పే ముందు మా అర్హత యెంతో చెప్పుకోవాలి. మేము యింజనీర్లము కాము. మెట్రిక్‌తో చదువు ఆపి, ఆఫీసులో బిల్లులు సరిచూసుకునే గుమాస్తాలము. అయితే మా యింట్లోనూ అటువంటి పెట్టె ఒకటి తయారైనది. దాని బ్యాటరీ విషయంలో మేము ఒక తప్పు చేసినాము. ఆ తప్పు దాచి సలహాలు చెప్పడం న్యాయం కాదు గనుక ముందు దానినే చెప్తాము.

ఆటపెట్టె అంటే తెలియని పెద్దల కోసం రెండు మాటలు. 1989లో జపానులోని నింటెండో కంపెనీ గేమ్ బాయ్ అనే చేతిపెట్టెను విడుదల చేసినది. దానికి మనం గోడగడియారంలో వేసే సెల్లులు నాలుగు కావాలి. తెరకు రంగులు లేవు, వెనుక దీపం లేదు. కాని ఆ నాలుగు సెల్లులతో పదిహేను గంటలకు పైగా ఆడేది. మరుసటి సంవత్సరం, 1990లో, సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చినది. రంగుల తెర, వెనుక దీపం, చూడ ముచ్చటగా వుండేది. దానికి అవే సెల్లులు ఆరు వెయ్యాలి. ఆ ఆరూ మూడు నుంచి అయిదు గంటలలో ఖాళీ అయ్యేవి. చివరకు అందమైన పెట్టె వెనుకబడి, ఓపిక గల పెట్టె నిలిచినది. దానికి యితర కారణాలూ వున్నవి గాని, సెల్లుల ఖర్చు వాటిలో ఒకటి. చేతిపెట్టె యెంత గొప్పదైనా దాని ఆయుష్షు బ్యాటరీ చేతిలోనే వుంటుందని అప్పుడే తేలిపోయినది.

యీ కాలపు పిల్లలు యింట్లో చేసుకునే పెట్టెలలో తరచు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పలక వుంటుంది. మా వాడు తీసుకున్నది 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యు రకం. పొడుగు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. దానికి మూడున్నర అంగుళాల తెర, పది మీటలు, రూపాయి బిళ్ళంత స్పీకరు జోడించినాడు. అన్నిటినీ ఒక ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో అమర్చినాడు. ఆ డబ్బా కోసం మా యింటావిడ నెలరోజులు వెతికినదన్న సంగతి వేరే. ఆటలు కూడా దొంగదారిన తెచ్చినవి కావు. చేసినవారే ఉచితంగా యిచ్చినవి కొన్ని, వాడు సొంతంగా వ్రాసుకున్న పాము ఆట ఒకటి.

మా తప్పు

వేసవి సెలవులకు వూరికి పోయేలోగా పెట్టె ముగించాలని వాడి పట్టుదల. బ్యాటరీకి సెల్లులు రెండు కావాలన్నాడు. "2600 అని వ్రాసినవి చాలు నాయనా, తూకం చూసి తీసుకోండి" అని చీటీ వ్రాసి యిచ్చినాడు. యిక్కడ చెన్నపట్నంలో యిటువంటి సరుకుకు రిచీ వీథి వున్నది. మేము అంతదూరం పోలేదు. ఆఫీసు నుంచి వచ్చే దారిలో పేవ్‌మెంటు మీద ఒకతను గుడ్డ పరచి అమ్ముతున్నాడు. సెల్లు మీద పెద్ద అక్షరాలతో 9800 అని వున్నది. 2600 అడిగితే 9800 దొరికినది, వెల చూస్తే సగం. జీవితమంతా అంకెలతో గడిపిన మనిషికి అది చూసి అనుమానం రావలసినది. అనుమానానికి బదులు సంతోషం వచ్చినది.

వాడు ఆ అంకె చూసి మొహం ఒక మాదిరిగా పెట్టినాడు. "యిన్ని వుండవు నాయనా" అన్నాడు. "నీకంటె మాకు తెలుసులే" అన్నాము. ఆ రాత్రి సెల్లులను ఛార్జికి పెట్టి పడుకున్నాము. హాలులో మా అమ్మగారి మంచం, ఆ మంచం పక్క బల్ల, బల్ల మీద సెల్లులు.

రాత్రి రెండు గంటల వేళ అమ్మ మంచినీళ్ళకు లేచి, "యేమిట్రా యిది, కాలిన వాసన వస్తున్నది" అని కేక వేసినది. వెళ్ళి చూస్తే ఒక సెల్లు వేలు ఆన్చలేనంతగా కాగి వున్నది. పైన చుట్టిన ప్లాస్టిక్ పొర ముడుచుకొనిపోయినది. ఛార్జి తీగె లాగివేసి, వంటింటి పటకారు అందుకున్నాము. "పటకారు వద్దు నాయనా, అది యినుము!" అని వాడు వెనుకనుంచి అరిచినాడు. నిజమే. పొర వూడిన సెల్లును యినుప పటకారుతో పట్టుకుంటే దాని రెండు కొసలనూ మేమే కలిపినవారము అయ్యేవారము. అప్పడాల కర్రతో దానిని మట్టి మూకుడులోకి దొర్లించి, మేడ మీదకు తీసుకుపోయి, ఆరుబయట పెట్టి దూరంగా నిలబడినాము. తెల్లవారే దాకా చూస్తూ నిలబడినాము. అంతకు మించి యేమీ కాలేదు. దేవుడి దయ వల్ల కాలేదు గాని, మా తెలివి వల్ల మాత్రం కాదు.

పొద్దున్నే వాడు మిగిలిన రెండవ సెల్లును వీధి మొగలోని నగల దుకాణానికి తీసుకుపోయి త్రాసులో వేయించినాడు. 31 గ్రాములు. అసలైన సెల్లు 45 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. యింటికి వచ్చి ఆ అంకె ఒక్కటి చెప్పి వూరుకున్నాడు. మరేమీ అనలేదు. పెద్ద అధికారి యిచ్చే మెమో కూడా మాకు యెప్పుడూ అంత బరువుగా తోచలేదు.

అంకెల వెనుక అసలు

యీ గొట్టపు సెల్లును 18650 అంటారు. 18 అంటే మిల్లీమీటర్లలో వ్యాసం, 65 అంటే పొడుగు, చివరి సున్న గుండ్రని ఆకారానికి గుర్తు. లోపల వున్నది లిథియం అయాన్ రసాయనం. దీనిని 1991లో సోనీ కంపెనీ మొదటిసారి బజారుకు తెచ్చినది. యిందుకు పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. నిండుగా ఛార్జి అయినప్పుడు యీ సెల్లు 4.2 వోల్టులు యిస్తుంది. వాడుతూంటే క్రమంగా దిగి 3 వోల్టుల దగ్గర ఖాళీ అయినట్టు లెక్క. నడిమి లెక్కకు 3.6 పట్టుకోవచ్చు.

సెల్లు మీద వ్రాసే 2600 వంటి అంకె మిల్లీ ఆంపియర్ గంటలు. నమ్మదగిన 18650 సెల్లులు సాధారణంగా 2000 నుంచి 3500 వరకు వుంటవి. అంతటి గొట్టంలో 9800 పట్టదు. శేరు చెంబులో మూడు శేర్ల పాలు పోసినామని చెప్పినట్టే. అటువంటి సెల్లులను విప్పితే లోపల చిన్న సరుకో, పాత లాప్‌టాప్‌ల నుంచి తీసి కొత్త పొర తొడిగిన సరుకో వుండవచ్చు. కనుక మొదటి నియమం: అంకెను నమ్మవద్దు, తూకాన్ని నమ్మండి. తూకం సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు. తూకం సరిపోకపోతే మాత్రం మంచిది కాదని నిశ్చయం.

ముందు ఖర్చు పద్దు

మేము చేసిన రెండవ పొరపాటు, ఖర్చు తెలియకుండా రాబడి కోసం బజారుకు పోవడం. బ్యాటరీ కొనే ముందు పెట్టె యెంత తింటుందో చూడాలి. యిందుకు యు.ఎస్.బి. మీటరు అనే చిన్న పరికరం వున్నది. ఫోను ఛార్జరుకూ పెట్టెకూ మధ్య దానిని పెట్టి ఆట ఆడిస్తే వోల్టులు, ఆంపియర్లు కనబడతవి. మా పెట్టె 5 వోల్టుల దగ్గర 0.7 ఆంపియరు తీసుకున్నది. అయిదును 0.7తో గుణిస్తే 3.5 వాట్లు.

యిక్కడ చాలామంది పడే గుంట ఒకటి వున్నది. రెండు 2600 సెల్లులు కలిపితే 5200, పెట్టె ఖర్చు 700, కనుక 5200ను 700తో భాగిస్తే దాదాపు ఏడున్నర గంటలు వస్తుందని సంతోషిస్తారు. యిది తప్పు లెక్క. సెల్లులోని 5200 వున్నది 3.6 వోల్టుల దగ్గర. పెట్టె ఖర్చు 700 వున్నది 5 వోల్టుల దగ్గర. రెండు వేరు వేరు కొలమానాలలోని అంకెలను ఒకదానితో ఒకటి భాగించకూడదు. రెండింటినీ వాట్ గంటలలోకి మార్చాలి.

సెల్లు ఒకటికి 2.6ను 3.6తో గుణిస్తే 9.4 వాట్ గంటలు. రెండింటికి 18.7. సెల్లు యిచ్చే 3.6ను పెట్టెకు కావలసిన 5 వోల్టులకు పెంచే పలక తన దస్తూరీ తాను తీసుకుంటుంది. నూటికి పది పన్నెండు వంతులు వేడిగా పోతవి. కనుక పెట్టెకు 3.5 వాట్లు అందాలంటే సెల్లుల నుంచి 4 వాట్లు తియ్యాలి. 18.7ను 4తో భాగిస్తే నాలుగు గంటల నలభై నిమిషాలు. తరువాత అసలైన సెల్లులు వేసి ఆడించి చూస్తే నాలుగు గంటల యిరవై నిమిషాలు వచ్చినది. యెందుకు కొంచెం తగ్గినదో ముందు చెప్తాము.

యే రకం మంచిది?

మొదటిది నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు. గోడగడియారం సెల్లు సైజులోనే వుంటవి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోవచ్చు. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, నాలుగు వరుసగా పెడితే 4.8. ఒక్కొక్కటి 2000 రకమైతే నాలుగింటికీ కలిపి 9.6 వాట్ గంటలు, అంటే ఒక్క 18650తో సమానం. బరువు మాత్రం రెట్టింపుకు పైన. అయినా యివి లిథియం వలె మొండికెత్తవు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు చేసే పెట్టెకు బరువైనా యివే మేలు.

రెండవది మెత్తని సంచీ వంటి లిథియం పాలిమర్ సెల్లు. పలుచగా వుంటుంది, సన్నని పెట్టెలో సులువుగా అమరుతుంది. దానికి గట్టి ఒళ్ళు లేదు. మేకు మొన గుచ్చుకున్నా, మూత గట్టిగా నొక్కుకున్నా ప్రమాదమే. వాడుకలో అది కొంచెం వుబ్బుతుంది గనుక చుట్టూ చోటు వదలాలి. బాగా వుబ్బినదాన్ని తీసివెయ్యాలి గాని నొక్కి సరిచేయకూడదు.

మూడవది 18650. ఒళ్ళు వుక్కుతో చేసినది, దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది. వెలకు తగిన శక్తి యిస్తుంది. నకిలీల బెడద దీనికే యెక్కువ.

నాలుగవది అసలు కట్టే పనే లేకుండా బజారులో దొరికే పవర్ బ్యాంకు. లోపల సెల్లులు, రక్షణ పలక, 5 వోల్టుల యేర్పాటు అన్నీ సిద్ధంగా వుంటవి. మన దేశంలో వీటికి భారత ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య వున్నదీ లేనిదీ చూసి కొనండి. దీనికి రెండు చిక్కులున్నవి. ఖర్చు మరీ తక్కువగా వుంటే కొన్ని పవర్ బ్యాంకులు పని లేదనుకొని తమంతట తాము ఆగిపోతవి. యిక ఛార్జి తీగె పెట్టినప్పుడో తీసినప్పుడో ఒక్క క్షణం సరఫరా ఆపే రకాలూ వున్నవి, అప్పుడు ఆట మధ్యలో పోతుంది. తొలిసారి చేసే పిల్లలకు మాత్రం యిది రాజమార్గం.

శ్రేణి, సమాంతరం

టార్చిలైటులో ఒక సెల్లు నెత్తి మీద మరొక సెల్లు అడుగు పెడతాము. అది శ్రేణి. వోల్టులు కలుస్తవి, మిల్లీ ఆంపియర్ గంటలు కలవవు. నెత్తులన్నీ ఒక తీగెకు, అడుగులన్నీ మరొక తీగెకు కలిపితే సమాంతరం. మిల్లీ ఆంపియర్ గంటలు కలుస్తవి, వోల్టులు కలవవు. యెట్లా కట్టినా మొత్తం వాట్ గంటలు ఒకటే. కట్టే తీరు మారినంత మాత్రాన శక్తి పెరగదు.

లిథియం సెల్లులను శ్రేణిలో కడితే రెండు సెల్లులూ సమంగా నిండేటట్టు చూసే ప్రత్యేకమైన పలక కావాలి. లేకపోతే ఒకటి నిండి పొంగుతుంటే రెండవది యింకా ఆకలిగా వుంటుంది. 12 వోల్టులు అడిగే పెద్ద పెట్టెలకు ఆ శ్రమ తప్పదు. 5 వోల్టుల చిన్న పెట్టెకు సమాంతరమే సుళువు.

సమాంతరంలోనూ ఒక జాగ్రత్త వున్నది. సెల్లులు ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే వయసువి కావాలి. కలిపే ముందు రెండింటినీ విడివిడిగా పూర్తిగా ఛార్జి చేసి మల్టీమీటరుతో కొలవాలి. తేడా 0.05 వోల్టు మించకూడదు. ఒకటి 4.1, మరొకటి 3.7 వున్నప్పుడు కలిపినారనుకోండి. రెండింటి లోపలి అడ్డు కలిపి 0.1 ఓము అనుకుంటే, కలిపిన క్షణాన ఒకదానిలో నుంచి మరొకదానిలోకి 4 ఆంపియర్లు దూకుతవి. పెట్టె కోసం సెల్లులు యిచ్చే మొత్తం ప్రవాహానికి అది మూడు నాలుగు రెట్లు.

తీగెలు కలపడం

18650కు పైన బొడిపె ధనము. అడుగు మాత్రమే ఋణము అనుకుంటారు గాని, నిజానికి అడుగూ, చుట్టూ వున్న గొట్టమూ, బొడిపె చుట్టూ వున్న అంచూ అన్నీ ఋణమే. ఆ అంచుకూ బొడిపెకూ మధ్య వున్నది సన్నని పొర, కాగితపు వుంగరం, అంతే. మా వాడి బడి చదువు ఇంగ్లీషులో, వీధి మాటలు అరవంలో. ప్లస్సు, మైనస్సు తప్ప వాడికి మరొక మాట తెలియదు. "ధనము, ఋణము అనాలిరా" అని చెప్పినాము. ఋణమంటే అప్పు గదా అని ఆశ్చర్యపడినాడు. "అవును, దీనికి నెత్తిన కాసింత ధనము, ఒళ్ళంతా ఋణము, మన యిల్లు వలెనే" అంటే పగలబడి నవ్వినాడు. ఆ రాత్రి తరువాత వాడు మాతో నవ్వడం అదే మొదలు. అప్పటి నుంచి యెక్కడ తీగె చుట్టుకుంటే ప్రమాదమో వాడు మరిచిపోలేదు. పొర చిరిగిన సెల్లును వాడకండి. కాగితపు వుంగరం లేకపోతే కొని అంటించండి.

సెల్లుకు నేరుగా సాల్డరింగు పెట్టరాదు. ఆ వేడికి లోపలి పొరలు చెడతవి. సెల్లులు పట్టే ప్లాస్టిక్ తొట్టి కొనుక్కోవచ్చు, లేదా దుకాణంలోనే యంత్రంతో నికెల్ పట్టీలు అతికించుకొని రావచ్చు. తీగె ఆ పట్టీకి అతకాలి.

యిక వరుస చెప్తాము. సెల్లుల ధనము నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి ఛార్జి పలక మీద బి ప్లస్ అన్న చోటికి. సెల్లుల ఋణము నుంచి బి మైనస్‌కు. అదే పలక మీద ఔట్ ప్లస్ నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి వోల్టు పెంచే పలకకు. ఔట్ మైనస్ నుంచి నేరుగా వోల్టు పెంచే పలకకు. అక్కడి నుంచి 5 వోల్టులు ఆటపలకకు. మేము వాడినది టి.పి.4056 అనే ఛార్జి పలక. రక్షణ భాగం కూడా వున్న రకం అడిగి తీసుకోవాలి. బి, ఔట్ అని విడివిడిగా గుర్తులు వుంటే రక్షణ వున్నట్టు. యీ రక్షణ ఋణపు దారిలో కాపలా కాస్తుంది. అందుచేత పెట్టె ఋణపు తీగెను ఔట్ మైనస్‌కే కలపాలి. చోటు దగ్గరగా వున్నదని బి మైనస్‌కు కలిపితే పెట్టె ఆడుతుంది, కాపలావాడు మాత్రం గుమ్మం అవతల నిద్రపోతూ వుంటాడు. బరంపురం సోదరి కుమారుడు ముందుగా చూసుకోవలసినది యిదే.

వోల్టు పెంచే పలకలు కొన్నిటికి చిన్న మర వుంటుంది. దానిని తిప్పితే వోల్టులు మారతవి. కొత్త పలక యే వోల్టు దగ్గర వున్నదో చెప్పలేము. ఆటపలకను తగిలించక ముందే మల్టీమీటరు పెట్టి 5.1కు దిద్దుకోవాలి. దిద్దకుండా తగిలిస్తే నెలల తరబడి చేసిన పని ఒక్క క్షణంలో బూడిద. తీగె కూడా సన్నదైతే వోల్టులు దారిలోనే కరిగిపోతవి. 28 గేజి తీగె, పోనూ రానూ 40 సెంటీమీటర్లు, 1.3 ఆంపియర్లు పోతే పదోవంతు వోల్టు నష్టం. 22 గేజి వాడితే నష్టం అందులో నాలుగోవంతే.

ఛార్జి పెట్టే నియమాలు

యీ పలక మొదట 1 ఆంపియరు చొప్పున నింపి, 4.2 వోల్టులు వచ్చినాక అక్కడే పట్టుకొని, ప్రవాహం పదోవంతుకు తగ్గినప్పుడు ఆపుతుంది. రెండు సెల్లులు నిండడానికి ఆరు గంటలు పడుతుంది. అప్పుడు పెట్టె ఆడిస్తూ వుంటే, ఆట తినే ప్రవాహం కూడా లెక్కలో కలిసి, సెల్లు నిండినదన్న సంగతి పలకకు తెలియదు. కనుక ఛార్జి సమయంలో స్విచ్చి కట్టివేసి వుంచాలి.

ఖాళీ అయ్యేటప్పుడు రక్షణ పలక 2.5 వోల్టుల దగ్గర టక్కున ఆపివేస్తుంది. అట్లా ఆగితే మెమరీ కార్డు చెడవచ్చు. అందుకని మా వాడు చిన్న వోల్టు మీటరు బిగించి, 3.2 చూపగానే పెట్టెను పద్ధతిగా ఆపుతాడు. లెక్కలో తగ్గిన యిరవై నిమిషాలలో కొంత యిక్కడ పోయినది. అది దుబారా కాదు, భీమా రుసుము.

రాత్రి అందరూ నిద్రపోయేటప్పుడు ఛార్జి పెట్టవద్దు. పరుపు మీద, దిండు పక్కన, కిటికీ తెర కింద పెట్టవద్దు. గచ్చు మీద, కంటికి కనబడేచోట పెట్టాలి. మన సముద్రతీరపు వేసవిలో యెండ పడే కిటికీలో పెట్టెను వదలరాదు. సెల్లు కాగినా, వుబ్బినా, తియ్యని వాసన వచ్చినా తీగె లాగి, వీలైతే ఆరుబయటకు చేర్చి, దూరంగా వుండాలి. పొగో మంటో వచ్చినదంటే యిక దానిని ముట్టుకోక అందరూ బయటకు వచ్చి 101కో 112కో ఫోను చెయ్యాలి. చచ్చిన సెల్లులను చెత్తబుట్టలో వెయ్యకండి. కొసలకు టేపు చుట్టి పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రానికి యివ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారుచేసినవారే వాటిని తిరిగి సేకరించే బాధ్యత వహించాలి.

సోదరికి జవాబు

అమ్మా, మీ వాడిని వద్దనకండి. వద్దంటే చాటుగా చేస్తాడు. చాటుగా చేసే పనిలోనే ప్రమాదం. వాడి పక్కన కూర్చోండి. తీగెలు తెలియకపోయినా ఫరవాలేదు, అయిదు ప్రశ్నలు అడగండి. సెల్లు తూకం యెంత? కలిపే ముందు రెండింటి వోల్టులు యెంత? ఫ్యూజు యెక్కడ? పెట్టె ఋణపు తీగె ఔట్ మైనస్‌కు వెళ్ళినదా? ఛార్జి పెట్టేటప్పుడు యెవరు మెలకువగా వుంటారు? యీ అయిదింటికీ తడుముకోకుండా జవాబు చెప్తే కానివ్వండి. తడుముకుంటే అప్పటికి పవర్ బ్యాంకు కొని యివ్వండి. మంచి సెల్లుల వెల దగ్గర మాత్రం బేరం ఆడకండి. ఆ బేరం మేము ఆడి చూసినాము.

మా వాడు యీ పనికంతా ఒక నోటుపుస్తకం పెట్టినాడు. తేదీ, వోల్టులు, ఆడిన నిమిషాలు, ఆఫీసు రిజిస్టరు వలె గీతలు గీసి వ్రాస్తాడు. తల గళ్ళలో ధనము, ఋణము అని తెలుగులో వ్రాయాలని పట్టుబట్టి, ఋ యెట్లా వ్రాయాలో నాలుగుసార్లు దిద్దించుకున్నాడు. యింకా వంకరగానే వస్తున్నది. మొదటి పేజీలో మొదటి పద్దు యిది: "పైన 9800. తూకం 31 గ్రాములు. నాయన కొన్నవి." కొట్టివేయమని మేము అడగలేదు.

వచ్చే నెల, వంటింటి మిక్సీలో బొగ్గు ముక్కలు మార్చుకునే విధానం వ్రాస్తాము. సందేహాలున్నవారు ఆఖరు తేదీలోగా కార్యాలయానికి జాబు వ్రాయండి.